ఉగ్గుగిన్నెలో అసమానత

మహాభారతం ఆదిపర్వంలో ఒక చిన్న ఘట్టం ఉంది. ద్రోణుడు నిరుపేద. ధనవంతుల పిల్లలు పాలు తాగుతుండగా చూసి అతని కుమారుడు అశ్వత్థామ తనకూ పాలు కావాలని ఏడుస్తాడు. తండ్రి ఒక ఆవు కోసం ఎన్నో చోట్ల తిరిగి, ఎక్కడా దొరకక, వట్టి చేతులతో ఇంటికి వస్తాడు. ఈలోగా తోటి పిల్లలు నీళ్ళలో పిండి కలిపి, ఇవే పాలని చెప్పి ఆ బాలుడి చేత తాగిస్తారు. పాలు తాగానన్న సంబరంతో బాలుడు గంతులు వేస్తాడు. చుట్టూ ఉన్నవారు నవ్వుతారు. ఆ నవ్వు తండ్రి గుండెలో ముల్లై దిగుతుంది. బాల్యమిత్రుడైన ద్రుపదుని ఆశ్రయించడం, అక్కడ జరిగిన పరాభవం, తరువాతి పగ, అన్నీ ఆ పిండినీళ్ళ గిన్నె వెనుకనే నడిచి వచ్చాయి.

ఈ ఘట్టాన్ని మనం సాధారణంగా స్నేహభంగానికో, పేదరికానికో నిదర్శనంగా చెప్పుకుంటాం. కాని ఇందులో అంతకంటే లోతైన నైతిక ప్రశ్న ఒకటి దాగి ఉంది. బాధపడినవాడు తండ్రి, బిడ్డ ఆనందంగానే ఉన్నాడు. వాడి కడుపు నిండింది. తనకు దక్కనిది ఏదో వాడికి తెలియదు. అన్యాయానికి గురైనవాడికి ఆ సంగతే తెలియనప్పుడు, ఫిర్యాదు చేసే నోరే వాడికి లేనప్పుడు, అది అన్యాయం కాకుండా పోతుందా? ఆ అన్యాయాన్ని చూడవలసిన కన్ను ఎవరిది? నేను పుట్టి పెరిగిన ఖరగ్‌పూర్ రైల్వే పట్టణాన్నీ, దానికి సమీపంలో ఉన్న సాలువానూ తలచుకున్నప్పుడల్లా ఈ ప్రశ్న నన్ను వెంటాడుతూ ఉంటుంది.

మూడు అన్నప్రాశనలు

ఖరగ్‌పూర్ తెలుగువారికి పరాయి ఊరు కాదు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ జంక్షనునూ, పెద్ద కర్మాగారాన్నీ నెలకొల్పిన నాటి నుంచి ఉత్తరాంధ్ర పల్లెల నుంచి వేలాది కుటుంబాలు ఇక్కడికి వలస వచ్చాయి. నేటి శ్రీకాకుళం జిల్లాలోని పల్లె నుంచి వచ్చి కర్మాగారంలో చేరిన మా తాతగారు వారిలో ఒకరు. మథురాకాటి, నింపురా వంటి పేటలలో నేటికీ తెలుగు మాట వినబడుతుంది. 2020 డిసెంబరులో పశ్చిమబెంగాల్ మంత్రివర్గం తెలుగుకు రాష్ట్రంలో అధికార భాష హోదా ఇవ్వడానికి ఆమోదం తెలపడంలో ఖరగ్‌పూర్ తెలుగువారి ఉనికికి ఎంతో పాత్ర ఉంది.

పట్టణానికి కొద్ది కిలోమీటర్ల దూరంలో ఉన్నది సాలువా. అక్కడ వైమానిక దళ స్థావరం ఉంది. ఈస్టర్న్ ఫ్రాంటియర్ రైఫిల్స్ దళం ప్రధాన స్థావరమూ అక్కడే. ఆ దళంలో తరతరాలుగా పనిచేస్తూ వచ్చిన గూర్ఖా కుటుంబాల వల్ల సాలువాలో నేపాలీ భాష, ఆచారాలు స్థిరపడ్డాయి. చుట్టూ బెంగాలీ రైతుల ఊళ్ళు, సంతాల్, లోధా కుటుంబాల వాడలు, సాల వృక్షాల అడవి తునకలు. సైకిలు మీద ఒక పూటలో చుట్టి రాదగిన మేరలో ఇన్ని భాషలు, ఇన్ని వంటిళ్ళు ఉన్న చోటు అరుదు.

ఈ వంటిళ్ళన్నింటిలోనూ నేను గమనించిన ఒక సామ్యం ఉంది. బిడ్డకు మొదటిసారి అన్నం తినిపించే రోజును అందరూ పండుగగా జరుపుకుంటారు. మనం అన్నప్రాశన అంటాం; బెంగాలీలు ముఖే భాత్ అంటారు; గూర్ఖాలు పాస్నీ అంటారు. పేర్లు వేరైనా పళ్ళెం స్వరూపం ఒక్కటే. మన ఇళ్ళలో పాయసం, పప్పు, నెయ్యి. బెంగాలీ ఇంట పాయసంతో పాటు కూరలు, వేపుళ్ళు, చేప. గూర్ఖా ఇంట ఖీరు, పప్పు, కూరలు. బిడ్డ తినేది నాలుగు మెతుకులే అయినా, ఆ నాలుగు మెతుకుల చుట్టూ పెద్దలు ఇన్ని రకాలు అమర్చడం కేవలం వేడుక కోసం కాదు. తల్లిపాలు మాత్రమే చాలని వయసు వచ్చిందనీ, ఇక లోకంలోని రుచులన్నింటి మీదా ఈ బిడ్డకు హక్కు ఉందనీ ఆ పళ్ళెం ప్రకటిస్తుంది. అధునాతన పోషకాహార శాస్త్రం అర్ధ సంవత్సరపు వయసు వద్ద గీసిన గీటును మన పూర్వులు ఆచార రూపంలో ఇంచుమించు అక్కడే గీశారు.

కాని అసలు ప్రశ్న మర్నాటిది. అప్పు చేసి అయినా ఆ ఒక్కరోజు అందరూ రకరకాలుగా వండుతారు. మర్నాడు జీతగాడి ఇంట బిడ్డ గిన్నెలో పప్పన్నం, మెత్తగా ఉడికించిన కూర, గుడ్డు, పండు వంతులవారీగా కనిపిస్తాయి. రోజుకూలీ ఇంట బిడ్డ గిన్నెలో అన్నం మాత్రమే మిగులుతుంది. వేడుక నాటి సమానత్వం సూర్యాస్తమయంతో ముగుస్తుంది.

కొన్నేళ్ళ క్రితం సాలువాకు వెళ్ళే దారిలో ఒక వాడలో, మా ప్రాంతం నుంచి వలస వచ్చిన కుటుంబానికి చెందిన ఒక ముసలమ్మ, ఏడాది మనవణ్ణి ఒడిలో పెట్టుకుని తినిపిస్తూ కనిపించింది. కొడుకు, కోడలు ఇద్దరూ కాంట్రాక్టరు వద్ద దినకూలీలు. "పిల్లాడికి ఏం పెడుతున్నారమ్మా?" అని అడిగాను. "అన్నమే బాబూ. ఉప్పేసి గంజితో మెదిపి పెడతన్నాం. కడుపు నిండితే ఏడవడు. ఆడు ఏడవకపోతేనే కదా, ఈళ్ళు పనికెళ్ళగలరు" అన్నది. అందులో నిష్ఠూరం లేదు. బిడ్డ బొద్దుగా కాకపోయినా నవ్వుతూనే ఉన్నాడు. నాకు అశ్వత్థామ గుర్తుకు వచ్చాడు.

గ్లాసెడు చోటు

ఆ బిడ్డకు నిజంగా లోటు ఏమైనా జరిగిందా? కడుపు నిండింది కదా అని వాదించవచ్చు. ఇక్కడ శాస్త్రం చెప్పేది కొంత తెలుసుకోవాలి.

ఏడాది బిడ్డ కడుపులో ఒక పూటకు పట్టేది సుమారు పావు లీటరు, అంటే ఒక గ్లాసెడు. ఆ కొద్దిపాటి చోటులోనే బిడ్డ పెరుగుదలకు కావలసినవన్నీ ఇమడాలి. పుట్టుకతో తెచ్చుకున్న ఇనుము నిల్వలు ఆరు నెలల వయసుకు తరిగిపోవడం మొదలవుతుంది. తల్లిపాలలో ఇనుము స్వల్పం. మెదడు మొదటి రెండేళ్ళలో పెరిగినంత వేగంగా ఆ తరువాత ఎన్నడూ పెరగదు. కనుక ఆరు నెలల నుంచి రెండేళ్ళ లోపు బిడ్డకు అన్నం ఎంత పెట్టామన్నదానితో పాటు అన్నంతో ఏమి పెట్టామన్నదీ అంతే ముఖ్యం. వట్టి అన్నంతో గ్లాసెడు చోటు నిండిపోతే, ఆకలి తీరుతుంది. మిగిలిన అవసరాలకు స్థలం ఉండదు. కడుపు నిండడమే ఇక్కడ లోటును కప్పిపుచ్చే తెర అవుతున్నది.

ఈ కారణం చేతనే ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి పిల్లల ఆహారంలోని వైవిధ్యాన్ని కొలవడానికి ఒక సూచికను రూపొందించాయి. 2021లో సవరించిన ఆ సూచిక ప్రకారం ఆహారాన్ని 8 వర్గాలుగా విభజిస్తారు: తల్లిపాలు, ధాన్యాలు, దుంపలు, పప్పులు, గింజలు, పాలు, పెరుగు వంటివి, మాంసం, చేపలు, గుడ్లు, ఎ విటమిను అధికంగా ఉన్న పండ్లు, కూరలు, ఇతర పండ్లు, కూరలు. 6 నుంచి 23 నెలల బిడ్డ గడిచిన ఒక పగలూ రాత్రిలో వీటిలో కనీసం 5 వర్గాలకు చెందినవి తింటే కనీస వైవిధ్యం ఉన్నట్లు భావిస్తారు. సాలువా దారిలో నేను చూసిన బిడ్డకు తల్లిపాలు, అన్నం కలిపి రెండు. తక్కిన మూడు ఎక్కడి నుంచి రావాలి?

మా నాయనమ్మ చెప్పిన ఒక సంగతి ఇక్కడ ప్రస్తావించాలి. శ్రీకాకుళం పల్లెలో వారు వరి అన్నం పండుగలకే చూసేవారట. రోజూ తాగేది చోడి అంబలి. నంజుకోవడానికి ఉలవచారు, గట్ల మీద మొలిచిన ఆకుకూర. ఖరగ్‌పూర్ వచ్చాక వరి అన్నం రోజూ దొరికింది, చోళ్ళు మాయమయ్యాయి. దానిని ఆ తరం అభ్యుదయంగానే భావించింది. నిజానికి 100 గ్రాముల చోళ్ళలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది; అంతే బరువు గల తెల్లబియ్యంలో 10 మిల్లీగ్రాములకు మించదు. అదే విధంగా ఇక్కడి అడవి వాడలలో పుట్టగొడుగులు, అడవి దుంపలు, చెరువు నత్తలు, చిన్న చేపలు, పేరు తెలియని ఎన్నో ఆకులు పిల్లల నోటికి అందేవి. అడవి తరిగింది; చెరువులు పూడాయి; తినేవారిని అనాగరికులుగా చూసిన చూపు కూడా ఆ తిండిని తరిమివేసింది. బ్రిటిష్ పాలనలో నేరస్థ జాతిగా ముద్రపడిన లోధాలకు 1952లో చట్టరీత్యా ఆ ముద్ర నుంచి విముక్తి లభించింది గాని, వారి తిండి మీద పడిన చిన్నచూపు అంత తేలికగా పోలేదు. పేదవారికి ఒకప్పుడు డబ్బు లేకపోయినా రకాలు ఉండేవి. ఇప్పుడు రకం అన్నది దాదాపు పూర్తిగా డబ్బుతో కొనవలసిన వస్తువైంది. అసమానత ఇంతగా గిన్నెలోకి దిగడానికి ఇది ఒక ప్రధాన కారణం.

తూకం చరిత్ర

పాలకులు ఆకలిని తూకంతో కొలవడం ఈనాటిది కాదు. 1876-78 మధ్య మద్రాసు రాష్ట్రాన్ని పట్టి పీడించిన కరవులో కర్నూలు, కడప, బళ్ళారి, నెల్లూరు సీమలు అతలాకుతలమైనాయి. 1877 ఆరంభంలో భారత ప్రభుత్వ ప్రతినిధిగా వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, పొదుపు పేరిట కరవు పనులలోని కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం ప్రాతిపదికగా కూలి తగ్గించాడు. మద్రాసు పారిశుద్ధ్య కమిషనరుగా ఉన్న వైద్యుడు కార్నిష్ దానిని తీవ్రంగా ప్రతిఘటించాడు. ఆ తూకంతో పనిచేసే మనిషి నిలబడలేడనీ, ధాన్యంతో పాటు పప్పు, కూరగాయలు వంటివి కూడా లెక్కలోకి రావాలనీ ఆయన వాదం. అక్కడ జరిగింది ఒక పరిపాలనా వివాదంగా కనిపించినా, నిజానికి అది రెండు తాత్విక దృష్టుల మధ్య సంఘర్షణ. మనిషిని చావకుండా ఉంచితే పాలకుడి ధర్మం తీరుతుందా, లేక మనిషిగా నిలబెట్టాలా? మన సంక్షేమ పథకాలన్నింటి అడుగునా నేటికీ ఉన్నది ఈ ప్రశ్నే.

రెండవ ఉదాహరణ ఈ మేదినీపూర్ గడ్డ మీదనే జరిగింది. 1942 అక్టోబరు 16న వచ్చిన తుపాను ఈ జిల్లా తీరప్రాంతాన్ని తుడిచిపెట్టింది. జపాను దండయాత్ర భయంతో అంతకుముందే ప్రభుత్వం తీర జిల్లాల నుంచి బియ్యాన్నీ పడవలనూ తరలించింది. 1943 నాటి బెంగాల్ మహాక్షామంలో అత్యంత దారుణంగా దెబ్బతిన్న జిల్లాలలో మేదినీపూర్ ఒకటి. అదే కాలంలో యుద్ధానికి అవసరమైన వారుగా గుర్తింపు పొందిన రైల్వే ఉద్యోగులకు రైల్వే ధాన్యపు దుకాణాలలో చౌకధరకు తిండిగింజలు దొరికాయి. మా తాతగారు ఆ దుకాణం వరుసలో నిలబడినవారే. "మన ఇంట పొయ్యి వెలిగింది. స్టేషను అవతల పడి ఉన్నవాళ్ళ పిల్లలు గంజినీళ్ళకు గిన్నెలు చాపేవారు. మన పిల్లలు వాళ్ళకంటే ఏం పుణ్యం చేసుకున్నారో నాకు అర్థం కాలేదు" అని ఆయన వార్ధక్యంలో అంటుండేవారు.

నా కుటుంబం బతికి బట్టకట్టింది ఆ ధాన్యం వల్లనే. కనుక ఆ ఏర్పాటును తప్పుపట్టే అర్హత నాకు లేదు. కాని ఒక సంగతి గుర్తించక తప్పదు. పట్టాలకు ఇవతల బిడ్డ తినడానికీ, అవతల బిడ్డ తినకపోవడానికీ ఆ బిడ్డల అవసరంలో తేడా కారణం కాదు; వారి తండ్రులు ప్రభుత్వానికి ఎంత పనికివస్తారన్నదే కారణం. ఆ క్షామాన్ని బాలుడిగా శాంతినికేతనంలో కళ్ళారా చూసిన అమర్త్య సేన్, 1981లో ప్రచురించిన గ్రంథంలో, క్షామాలు తిండి లేకపోవడం వల్ల కంటే తిండి మీద హక్కు లేకపోవడం వల్ల సంభవిస్తాయని నిరూపించే ప్రయత్నం చేశాడు. ఆయన సిద్ధాంతాన్ని పసిబిడ్డలకు అన్వయిస్తే దాని తీవ్రత మరింత పెరుగుతుంది. బిడ్డకు తనదంటూ హక్కు ఏదీ లేదు. ఉన్నదల్లా తల్లిదండ్రుల హక్కుకు నీడ మాత్రమే.

ఈ చరిత్రకు మన తెలుగు నేలతో కూడా ఒక బంధం ఉంది. నేడు హైదరాబాదులో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ మూలాలు 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ కూనూరులో ప్రారంభించిన పరిశోధనలో ఉన్నాయి. భారతదేశపు వివిధ ప్రాంతాల వారి ఆహారాలను ఒకే జాతి ఎలుకలకు పెట్టి ఆయన పరిశీలించాడు. గోధుమ, పాలు, పప్పు, కూరలతో కూడిన పంజాబు సిక్కుల ఆహారం తిన్నవి దృఢంగా పెరిగాయి. పాలూ కూరలూ స్వల్పంగా ఉన్న బెంగాలీ, మద్రాసీ వరి ఆహారాలు తిన్నవి కుంగిపోయాయి. ఆనాటి ప్రభుత్వం కొన్ని జాతులను పుట్టుకతోనే యుద్ధవీరులుగానూ, కొన్నింటిని దుర్బలులుగానూ వర్గీకరించి సైన్యంలోకి తీసుకుంటూ ఉండేది. రక్తంలో ఉందని వారు నమ్మినదానిలో ఎంతో భాగం నిజానికి పళ్ళెంలో ఉందని ఆ మూగజీవాలు చెప్పకనే చెప్పాయి. కూనూరు సంస్థకు తరువాత నాయకత్వం వహించిన ఎక్రాయిడ్, బెంగాల్ క్షామం మీద విచారణ జరిపిన సంఘంలో సభ్యుడైనాడు. ఆ సంఘం మృతుల సంఖ్యను 15 లక్షలుగా అంచనా వేసింది. అది తక్కువ అంచనా అని తదనంతర కాలంలో ఆయనే అంగీకరించాడు. తూకం వేసేవారి చేతిలో మరణాల లెక్క కూడా తప్పిపోగలదు. 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన ఆ సంస్థ నేటికీ దేశానికి పోషకాహార ప్రమాణాలను నిర్దేశిస్తున్నది.

నేటి లెక్కలు

స్వతంత్ర భారతం తూకం విషయంలో సాధించినది తక్కువ కాదు. 1943 వంటి క్షామం మళ్ళీ రాలేదు. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం దేశ జనాభాలో మూడింట రెండు వంతుల మందికి తిండిగింజలను హక్కుగా చేసింది. 2023 జనవరి నుంచి ఆ చట్టం కింద ధాన్యం ఉచితంగా అందుతున్నది. 1975 అక్టోబరు 2న 33 బ్లాకులలో ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం దేశమంతటా విస్తరించింది. 2001లో సుప్రీంకోర్టు ఈ పథకాల ప్రయోజనాలను ప్రజల హక్కులుగా పరిగణించింది. ఇవన్నీ గర్వించదగినవే.

అయితే 2019-21లో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఏమి చెప్పింది? 6 నుంచి 23 నెలల పిల్లలలో, రకాలలోనూ పూటలలోనూ చాలినంత ఆహారం అందుతున్నవారు 11.3 శాతం మాత్రమే. అయిదేళ్ళ లోపు పిల్లలలో 35.5 శాతం మంది వయసుకు తగిన ఎత్తు లేరు. ఆరు నెలలు దాటి అయిదేళ్ళ లోపు వారిలో 67.1 శాతం మందికి రక్తహీనత ఉంది. పశ్చిమబెంగాల్‌లో ఈ రక్తహీనత 69 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63.2 శాతం, తెలంగాణలో 70 శాతం. ధాన్యాగారాలు నిండి ఉన్న దేశంలో పసిబిడ్డల రక్తం పలచబడి ఉంది. తూకంలో మనం గెలిచాం, రకంలో ఓడిపోయాం.

ఇక్కడ న్యాయదృష్టితో ఒక విషయం చెప్పాలి. ఈ లోటు పేదలకే పరిమితం కాదు. కలిగిన ఇళ్ళలో కూడా ఎక్కువ మంది పిల్లలు ఆ గీటు దాటలేదు. అక్కడ అన్నానికి తోడు గుడ్డు బదులు బిస్కెట్టు, పండు బదులు తీపి పానీయం చేరుతున్నాయి. అయినా రెండు లోట్లనూ ఒకే త్రాసులో వేయలేం. కలిగిన ఇంటివారికి తెలియజెప్పితే సరిపోతుంది. లేని ఇంటివారికి చెప్పడం వల్ల తెలివి పెరుగుతుందేమో గాని గిన్నె మారదు. పైగా చేయలేనిదాన్ని తెలిసి చేయలేకపోతున్నామన్న బాధ మిగులుతుంది. ద్రోణునికి పాలు మంచివని ఎవరూ చెప్పనక్కరలేదు.

ఎవరి బాధ్యత?

ఈ సందర్భంలో సాధారణంగా వినవచ్చే వాదాలు మూడు.

మొదటిది, తల్లుల అజ్ఞానమే కారణమన్న వాదం. ఇది మా వంటి అధికారులకు మిక్కిలి సౌకర్యమైనది. కాని రోజుకూలీ ఇంటి గణితం పరిశీలించండి. సాయంకాలం చేతికి వచ్చిన కూలితో మొదట కొనేది కడుపు నింపేది. ఉప్పు, నూనె, ఆలుగడ్డలు తరువాత. పాలు, గుడ్లు, ఆకుకూరలు ఏ రోజుకు ఆ రోజు కొనవలసినవి, నిల్వ ఉండవు. రేపు పని దొరుకుతుందో లేదో తెలియని ఇంట రకం అన్నది ఒక జూదం. నెలజీతం వచ్చే ఇంట అది అలవాటు. అంటే రకాన్ని నిర్ణయిస్తున్నది ఆదాయం మాత్రమే కాదు, ఆదాయం మీది భరోసా. దీనికి తోడు బిడ్డకు రోజుకు మూడు నాలుగు సార్లు ఓపికగా తినిపించాలి. పొద్దున్న వెళ్ళి మాపటికి వచ్చే తల్లికి ఆ సమయం ఎవరు ఇస్తారు? అయిదు రూపాయల బిస్కెట్ పొట్లం వండనక్కరలేదు, పాడవదు, ఆరేళ్ళ అక్క కూడా తమ్ముడికి తినిపించగలదు. ఆ తల్లి ఎంపిక అజ్ఞానం కాదు. ఆమె పరిస్థితిలో అది లెక్క తప్పని గణితమే. ఆ లెక్కలోని అంకెలను ఆమెకు ఇచ్చినది మనం.

రెండవది, ఇది ఆచారానికి, రుచికి సంబంధించిన విషయమనీ, ఇంటి వంటలో రాజ్యం తలదూర్చరాదనీ అనే వాదం. దీనిలో కొంత సత్యం ఉంది. ఎవరి పళ్ళెంలోకీ ఇష్టంలేని పదార్థాన్ని బలవంతంగా తేరాదు. గుడ్డు తినని ఇంట పాలూ పప్పూ ఉండవచ్చు. కాని తినే ఇంటి బిడ్డకు, తినని వారి అభిరుచిని బట్టి గుడ్డు నిరాకరించడం కూడా బలవంతమే. పాలు కొనలేని ఇంట, అడవి కూరలు అంతరించిన వాడలో, గుడ్డు ఒక్కటే మిగిలిన దారి కావచ్చు. ఆచారాన్ని గౌరవించడమంటే ఆ బిడ్డ ఇంటి ఆచారాన్ని గౌరవించడం. వడ్డించేవారి ఆచారాన్ని కాదు.

మూడవది, సమాజంలో అసమానతలు సహజమనీ, శ్రమించినవారికి ఎక్కువ, శ్రమించనివారికి తక్కువ దక్కడం న్యాయమేననీ అనే వాదం. పెద్దల విషయంలో దీని మీద తరతరాలుగా చర్చ జరిగింది, జరుగుతుంది. కాని ఏడాది బిడ్డ విషయంలో ఈ చర్చకు చోటే లేదు. ఆ బిడ్డ శ్రమించనూ లేదు, సోమరిగా ఉండనూ లేదు. వాడికి అర్హత, అనర్హత అన్న మాటలు వర్తించవు. తాను ఏ ఇంట పుడతానో తెలియని స్థితిలో మనిషి ఎటువంటి సమాజాన్ని కోరుకుంటాడో ఊహించమని జాన్ రాల్స్ 1971 నాటి తన గ్రంథంలో కోరాడు. పసిబిడ్డ విషయంలో అది ఊహ కాదు. ప్రతి బిడ్డా నిజంగానే ఆ స్థితి నుంచి వస్తున్నాడు. పూర్వజన్మ కర్మఫలం అని సమాధానపడేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. కర్మ సిద్ధాంతం బాధపడేవాడికి ఓర్పునివ్వవచ్చు గాని, చూసేవాడి ధర్మాన్ని ఎన్నడూ రద్దు చేయలేదు. అన్నదానాన్ని అంతగా కొనియాడిన సంస్కృతి, ఎదుటివాడి ఆకలిని వాడి ప్రారబ్ధానికి వదిలేయమని చెప్పిందని అనుకోలేం.

ఈ మూడు వాదాలనూ తోసిపుచ్చిన తరువాత మిగిలేది బాధ్యత. అది కుటుంబానిదా, రాజ్యానిదా అన్న విభజన నాకు కృత్రిమంగా తోస్తుంది. తినిపించేది తల్లి చెయ్యే. అందులో సందేహం లేదు. ఆ చేతికి రకాలు అందేలా చూడడం, తినిపించే తీరిక దక్కేలా చూడడం సమాజం పని. పోషణ స్థాయిని పెంచడం రాజ్యపు ప్రాథమిక కర్తవ్యాలలో ఒకటని మన రాజ్యాంగం 47వ అధికరణంలో నిర్దేశించింది. అక్కడ ఉన్నది పోషణ అన్న మాట. ధాన్యం అన్న మాట కాదు.

ప్రశ్న మార్చుకుందాం

నా ఉద్యోగ జీవితంలో పంపిణీ నివేదికలు ఎన్నో చూశాను. నూటికి నూరు శాతం సరఫరా జరిగిందన్న వాక్యం చూసి సంతకం చేసి, ఆ రోజు ఒక మంచిపని చేశానని తృప్తి చెందిన సందర్భాలు అనేకం. ఆ నివేదికలలో తప్పు లేదు. బియ్యం నిజంగానే అందింది. లోపం నా ప్రశ్నలో ఉంది. "ఎంత చేరింది?" అని అడిగాను గాని, "బిడ్డ నిన్న ఎన్ని రకాలు తిన్నది?" అని ఏనాడూ అడగలేదు. సాలువా దారిలోని ఆ ముసలమ్మ మాట విన్న తరువాతనే నా సంతకాల కింద ఎన్ని వట్టి అన్నపు గిన్నెలు ఉన్నాయోనన్న స్పృహ కలిగింది.

మార్గాలు లేకపోలేదు. తెలంగాణలో 2015లో ప్రారంభమైన ఆరోగ్యలక్ష్మి పథకం గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీలో అన్నం, పప్పు, కూరతో పాటు గుడ్డు, పాలు కలిపి ఒక పూర్తి భోజనంగా వడ్డించే ఏర్పాటు చేసింది. దాని విశేషం పదార్థాల జాబితాలో కంటే ఆ ఆలోచనలో ఉంది: బస్తా పంపడానికి బదులు పళ్ళెం వడ్డించడం. పసిబిడ్డల విషయంలోనూ ఆలోచన ఆ దిశగానే సాగాలి. చౌకధరల దుకాణంలో ధాన్యానికి తోడు పప్పు, చిరుధాన్యాలు చేరాలి. అంగన్‌వాడీ పెరట్లో మునగ, కరివేపాకు, బొప్పాయి పెరగాలి. పనికి వెళ్ళే తల్లి బిడ్డను ఉంచడానికి పనిచోటనే శిశుగృహం ఉండాలి. వాటన్నింటికంటే ముందు, పర్యవేక్షకుని పుస్తకంలో కిలోల గడి పక్కన రకాల గడి ఒకటి చేరాలి. అడగని ప్రశ్నకు ప్రభుత్వం ఎన్నడూ సమాధానం వెతకదు.

మన అన్నప్రాశన నాడు మరొక ఆచారం ఉంది. బిడ్డ ముందు పుస్తకం, కలం, బంగారం, కత్తి వంటివి పరచి, ఏది పట్టుకుంటే ఆ వృత్తిలో రాణిస్తాడని మురిసిపోతాం. బెంగాలీల ఇళ్ళలోనూ ఇటువంటిదే ఉంది. బిడ్డ పాకుతూ వెళ్ళి దేనినో అందుకుంటాడు. పెద్దలు చప్పట్లు కొడతారు. ఆ చేతికి తరువాతి ఏళ్ళలో కలం పట్టే బలమూ, ఆ మెదడుకు పుస్తకం గ్రహించే శక్తీ చాలావరకు మర్నాటి నుంచి గిన్నెలో పడే రకాల మీద ఆధారపడి ఉంటాయి. కలం ముందు పెట్టి, కలం పట్టనివ్వని గిన్నె చేతికి ఇవ్వడం పెద్దలకు తగిన పని కాదు.

అశ్వత్థామ తాగినవి పాలు కావని ఆ వీధిలో అందరికీ తెలుసు, వాడికి తప్ప. చూసినవారు నవ్వి ఊరుకున్నారు. సాలువా దారిలోని ఆ బిడ్డ కూడా కడుపు నిండి నవ్వుతూనే ఉన్నాడు. వాడు ఏడవడం లేదు కనుక అంతా బాగానే ఉందని నమ్మే వెసులుబాటు, తెలిసినవారమైన మనకు లేదు.